ఎడమవైపు బ్రేకు

మా కారులో బ్రేకులు రెండు. ఒకటి అన్ని కార్లలో ఉన్నట్టే డ్రైవరు కాలి కింద. రెండోది పక్క సీటులో కూర్చున్న మనిషి కాలి కింద. మా నాన్న తార్నాకలో డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నేర్చుకునేవాళ్లు తికమకపడితే పక్కనున్నవాడు బండి ఆపాలి కదా, అందుకని స్కూలు కార్లకు ఎడమవైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు బిగిస్తారు. రెండు బ్రేకులనూ కలుపుతూ డ్యాష్‌బోర్డు కింద ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఏ వైపు తొక్కినా రెండూ దిగుతాయి.

నాన్న గుండెపోటుతో పోయాక స్కూలు బోర్డు దించేశాం. కారు అమ్మడానికి మాత్రం నాకు మనసు రాలేదు. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, ఒక సాయంత్రం ఆ కారులోనే ల్యాబు నుంచి ఇంటికి వస్తున్నాను. తార్నాక సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. బ్రేకు తొక్కి అలవాటుగా ఎడమకి చూశాను. ఖాళీ సీటు ముందు ఆ రెండో పెడల్ తనంతట తానే కిందికి దిగింది. నేను చూస్తున్నంతసేపూ అలాగే ఉంది. కాలు కొంచెం సడలిస్తే అదీ కొంచెం పైకి లేచింది.

కడ్డీ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఒళ్లు జలదరించింది. పచ్చ లైటు పడ్డా కదల్లేదు. వెనకున్న ఆటో ఆయన హారన్ మోగించి మోగించి, చివరికి పక్కకొచ్చి, తబియత్ ఖరాబైందా మేడమ్ అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి గేరు వేశాను.

ఆ రోజు నుంచి నాకదో వ్యసనమైంది. ఎక్కడ బ్రేకు తొక్కినా కంటి చివర నుంచి ఎడమవైపు చూసేదాన్ని. అది దిగేది. ఎవరో తొక్కినట్టే దిగేది.

తార్నాక చుట్టుపక్కల కారు నేర్చుకునేవాళ్లందరికీ యూనివర్సిటీ రోడ్లే బడి. తెల్లారేసరికి అక్కడ వాకింగ్‌కు వచ్చినవాళ్లు, గుంపులుగా కుక్కలు, పుస్తకం చేతిలో పట్టుకుని నడుస్తూ చదివే గ్రూప్స్ అభ్యర్థులు. వాళ్ల మధ్య నుంచి నాన్న శిష్యులు బండిని కుంటిస్తూ తోలేవారు. సెలవులప్పుడు నేనూ వెనక సీటులో ఎక్కి కూర్చునేదాన్ని. రెండు సీట్ల మధ్య తల పెట్టి చూస్తే నాకు రోడ్డు కంటే నాన్న కాలే బాగా కనిపించేది. చెప్పు విడిచి, వట్టి కాలును పెడల్ మీద ఆనించి ఉంచేవాడు.

మిగతా స్కూళ్లవాళ్లు శిష్యుడు తప్పు చేస్తే బ్రేకును దబ్బున తొక్కి నాలుగు తిట్లు తిడతారు. నాన్న అలా కాదు. శిష్యుడికి కుక్క కనపడక ముందే ఆయనకు కనపడేది. శిష్యుడి కాలు యాక్సిలరేటర్ మీద ఉండగానే ఆయన కాలు మెత్తగా, పిండి మీద వేలు ఆనించినంత మెత్తగా, పెడల్‌ను కిందికి నొక్కేది. బండి వేగం అప్పటికే చచ్చేది. తర్వాత శిష్యుడు కంగారుగా బ్రేకు తొక్కితే బండి ముచ్చటగా ఆగేది. అప్పుడు నాన్న రెండు చేతులూ పైకెత్తి చూపించి, "సూశినవా, నేను తొక్కలే. నువ్వే ఆపినవ్" అనేవాడు. ఆ శిష్యుడి మొహం వెలిగిపోయేది. బ్యాంకు ఆఫీసరు గానీ, హాస్టల్ పిల్ల గానీ, రిటైరైన రైల్వే గార్డు గానీ, అందరికీ అదే మాట.

ఇంటికొచ్చాక నేను అడిగాను, ప్రార్థనకు పోయే మనిషివి, అబద్ధం ఎందుకు చెప్తావని. ఆయనకు కోపం రాలేదు.

"బండి ఆగుడు పెద్ద ముచ్చట కాదు బిడ్డా. తనే ఆపిన అనుకునుడు పెద్ద ముచ్చట. ఒక్కపారి అట్ల అనుకున్నోడు రేపు నిజంగనే ఆపుతడు" అన్నాడు.

తర్వాత నా వంతు వచ్చింది. అవే రోడ్లు, అదే కారు. ఇప్పుడు నా కళ్లు రోడ్డు మీద ఉన్నాయి, నాన్న కాలు చూడటానికి వెనక ఎవరూ లేరు. లేడీస్ హాస్టల్ దాటాక ఒక కుక్క అడ్డం వచ్చింది. ఆపాను. బాగా ఆపాను. నాన్న రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను తొక్కలే బిడ్డా. నువ్వే ఆపినవ్."

నిజంగనేనా అని అడిగాను. నిజంగనే అన్నాడు. ఊరందరికీ చెప్పిన మాట నాకూ చెబితే ఎట్లా నమ్మేది? ఎంత గింజుకున్నా ఆయన ఇంకో ముక్క చెప్పలేదు. నేను ఈ జన్మలో సొంతంగా నేర్చుకున్నానని చెప్పుకునే పని ఒక్కటే, కారు నడపడం. చదువు అమ్మ పోరు వల్ల వచ్చింది, ఉద్యోగం ఎవరో చెబితే వచ్చింది. అది కూడా నాది కాకపోతే నాదంటూ ఏముంది? ఆయన బతికున్నన్నాళ్లూ రేపు అడగొచ్చులే అనుకున్నాను. పోయాక ఆ ప్రశ్న నాతోనే కారెక్కి తిరగడం మొదలుపెట్టింది.

నాన్న శిష్యుల్లో కర్నూలు వైపు అబ్బాయి ఒకడున్నాడు. యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో మా స్కూల్లో నేర్చుకున్నాడు, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ తార్నాకలోనే ఫ్లాటు తీసుకుని ఉంటున్నాడు. నాన్నను సార్ అంటాడు, నన్ను అక్కా అంటాడు. నేను ఆ కారులో దిగులుగా తిరగడం చూసి, ఒక ఆదివారం ఊరి బయట ట్రాక్‌కు తీసుకెళ్లాడు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు కొందరు డబ్బులు కట్టి, ఒకరి తర్వాత ఒకరు ఆ ట్రాక్ మీద రౌండ్లు కొట్టి, ఎవరెంత త్వరగా తిరిగొచ్చారో చూసుకుంటారు. పందెం కాదు, బహుమతి లేదు. ఎదురుగా ఎవరూ రారు, ఒక్కసారి తోలి చూడండి అన్నాడు. నేను సరేనన్నాను. అమ్మ మాత్రం, ప్రార్థన ఎగ్గొట్టి గుండ్రంగ తిరుగుడు ఏం పనే, గానుగెద్దు లెక్క, అని దెప్పింది.

అక్కడికి పోతే మనుషుల మాటలన్నీ బండి గురించే. ఎవరి నోట విన్నా టైర్లు, స్ప్రింగులు, సైలెన్సర్లు. ఫలానా మలుపులో జారింది అంటే ఫలానా టైరు వెయ్యి అంటారు గానీ, నువ్వు కాస్త చూసి తిప్పు అని ఒక్కరూ అనరు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత వీళ్ల కోసమే పుట్టిందనిపించింది. మా కర్నూలు అబ్బాయి అందరికంటే రెండాకులు ఎక్కువ చదివాడు. బండిని కిందికి దించాడు, గట్టి స్ప్రింగులు వేయించాడు, రోడ్డును అంటుకుపోయే టైర్లు తెచ్చాడు, ఇంజను కంప్యూటర్లో లెక్కలు మార్పించాడు. ఇన్ని చేసినా మూడో మలుపు దగ్గర ప్రతిసారీ తప్పేవాడు.

ఆ మూడో మలుపు పొడవాటి దారి చివర కుడికి తిరుగుతుంది. అక్కడ వేగం బాగా తగ్గించాలి. వీడు బ్రేకు ఆలస్యంగా తొక్కేవాడు. బండి మలుపు దాటిపోయి అవతల ఇసుకలోకి దిగేది. దులుపుకుంటూ వచ్చి, బ్రేకు ప్యాడ్లు సరిగా లేవక్కా అనేవాడు. మళ్లీ ఆదివారానికి కొత్త ప్యాడ్లు. అవీ చాలవని ఆఖరుకు ముందు చక్రాలకు పెద్ద బ్రేకులే వేయించాడు. ఆ ఆదివారం కూడా ఇసుకే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అన్నీ మార్చినవు కదా, వచ్చే వారం డ్రైవర్ని మార్చు అన్నాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. నా పాత స్కూలు బండి ఏ సింగారమూ లేకుండానే చాలాసార్లు వాడి బండి కంటే త్వరగా తిరిగొచ్చేది. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

కానీ నా లోపం నాకూ ఉంది. నేను మూడో మలుపుకు మరీ ముందే తొక్కుతాను. అక్కడ నేర్పే పెద్దాయన, ఇంకా ముందుకు పోయి తొక్కమ్మా, ఎందుకు భయం అని ఎన్నిసార్లు చెప్పాడో. నాకు భయం లేదు. ఈసారి ఆలస్యంగా తొక్కుదామని గట్టిగా అనుకునే వెళ్లేదాన్ని. ఆ చోటు రాగానే బండి తగ్గిపోయేది. హెల్మెట్ సందులోంచి ఎడమవైపు పెడల్ దిగడం కనిపించేది. నా కాలు ముందు దిగిందో ఆ పెడల్ ముందు దిగిందో నాకు తెలిసేది కాదు. నాన్నే తొక్కుతున్నాడు అనుకున్నాను. సైన్సు ల్యాబులో పని చేసే మనిషిని, ఈ మాట ఎవరితో అంటాను? ఎవరితోనూ అనలేదు. నిజం చెప్పాలంటే ఆ మలుపు కోసమే నేను ఆదివారాలు ఎదురుచూసేదాన్ని. బరువు తగ్గుతుంది, ఆ పెడల్స్ పీకెయ్యండి అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ల మీద విరుచుకుపడేదాన్ని.

ఒక ఆదివారం అబ్బాయి బండి ఇంజను వేడెక్కి మొరాయించింది. పొద్దంతా ఊరికే కూర్చోవడం చూడలేక నా తాళం ఇచ్చాను. పక్కన హెల్మెట్ పెట్టుకుని ఒకరు కూర్చోవచ్చు గనక నేను ఎడమ సీటులో కూర్చున్నాను. నాన్న సీటులో నేను కూర్చోవడం అదే మొదటిసారి. బూట్ల కింద ఆ రెండు పెడల్స్ ఉన్నాయి. కాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బ్రేకు మీద ఆనించాను.

పొడవాటి దారిలో వాడు బండిని ఉరికించాడు. మలుపు దగ్గరపడుతోంది. వాడి కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది. తొక్కుతాడు, తొక్కుతాడు అనుకుంటున్నాను, తొక్కడం లేదు. నేనేమీ నిర్ణయించుకోలేదు. నా పాదం మెత్తగా కిందికి దిగింది. బండి ముక్కు కొంచెం వంగింది. ఆ తర్వాతే వాడు బ్రేకు తొక్కి స్టీరింగు తిప్పాడు. బండి ఎక్కడా జారకుండా, గీత గీసినట్టు మలుపు తిరిగింది. ఇన్ని నెలల్లో వాడు ఆ మలుపు అంత బాగా తిరగడం నేను చూడలేదు. ఇంకో రౌండు పోదామా అక్కా అన్నాడు వాడు. మళ్లీ వెళ్లాం. మళ్లీ నా కాలు దిగింది, మళ్లీ బండి చక్కగా తిరిగింది. దిగాక, మీ బండి స్ప్రింగులు భలే ఉన్నాయక్కా, నా బండికీ ఇవే వేయిస్తా అన్నాడు.

నేను నవ్వలేకపోయాను. ఇంత సులువా? తోలేవాడికి తెలియకుండా పక్కనున్నవాళ్లు బండి ఆపడం ఇంత సులువా? ఏ శిక్షణా లేని నేనే రెండుసార్లు చేస్తే, ముప్ఫై ఏళ్లు అదే పని చేసిన నాన్న నాకెన్నిసార్లు చేసి ఉంటాడు? కుక్క అడ్డం వచ్చినప్పుడు ఆపింది ఎవరు? ఇప్పుడు మూడో మలుపు దగ్గర ఆపుతున్నది ఎవరు? వాడిని ఎగతాళి చేసిన నోటితో నాకు నేను వేసుకోవలసిన ప్రశ్న అది. ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు. ఎవరి కాలో తేల్చుకోవాలనుకున్నాను. తేల్చుకోవడానికి నాకు ఒక్కటే దారి కనిపించింది.

వారాసిగూడలో ఒక షెడ్డుకు తీసుకెళ్లి ఎడమవైపు పెడల్స్, కడ్డీ తీయించేశాను. పెద్ద పనేం కాదు, టీ చల్లారే లోపే అయిపోయింది. కార్పెట్ మీద బోల్టుల బొక్కలు మిగిలాయి. ఇంటికి తెచ్చి గోనెసంచిలో చుట్టి సజ్జ మీద పెడుతుంటే అమ్మ చూసింది. అదేందని అడిగింది, చెప్పాను. కాసేపు గోడ పట్టుకుని నిలబడి, "ఆయన గాడ కూసునే ఉన్నడని నేను అనుకున్న" అంది. నాకేనేమో ఆ పిచ్చి అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ ఆదివారం ట్రాక్ మీదికి ఒక్కదాన్నే వెళ్లాను. పొడవాటి దారిలో ఎడమవైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చూశాను. సీటు కింద ఉత్త కార్పెట్. ఇవాళ ఆలస్యం అవుతుంది, ఇవాళ నేనూ ఇసుకలోకి పోతాను అనుకున్నాను. మలుపు వచ్చింది. ఎప్పుడూ తగ్గే చోటే బండి తగ్గింది. రెండో రౌండు కూడా అక్కడే. ఎన్ని రౌండ్లు కొట్టినా అక్కడే. తొక్కుతున్నది నేనే. ఇన్ని నెలలూ ఆ మలుపు దగ్గర తొక్కింది నేనే. అక్కడ నాన్న లేడు. ఆ సంగతి మూడో మలుపులో, హెల్మెట్ లోపల, నాకు మొదటిసారి నిజంగా తెలిసింది.

ట్రాక్ పక్కన షెడ్డు నీడలో బండి ఆపి కూర్చున్నాను. అబ్బాయి మంచినీళ్ల సీసా ఇవ్వడానికి ఎడమవైపు తలుపు తీశాడు. కింద చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. బోల్టుల బొక్కల మీద వేలు పెట్టి, "తీసేసినారా అక్కా?" అన్నాడు.

అవునన్నాను. ఎందుకని మళ్లీ అడిగాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరు ఆపుతున్నారో తేల్చుకోవాలనిపించింది, అందుకే తీయించాను అన్నాను. అంతటితో ఊరుకోలేకపోయాను. నీకు నాన్న ఎప్పుడూ తొక్కలేదని అనుకుంటున్నవేమో, రోజూ తొక్కేవాడు, వెనక కూర్చుని నేనే చూశాను అన్నాను. మొన్న నేను తొక్కింది కూడా చెప్పేశాను. వాడి మొహం పడిపోతుందనుకున్నాను. పడిపోలేదు.

"తెలుసక్కా" అన్నాడు. "యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు మీద పెడతాం గదా. సార్ తొక్కింటే, అది అప్పటికే రవ్వంత దిగిండేది. కాలికి తెలీకుండా ఎట్లుంటాది? మాకందరికీ తెలుసు. సార్ సంతోషం చూసి ఎవ్వురూ చెప్పలే."

స్కూలు ఎదురుగా టీ కొట్టు దగ్గర శిష్యులంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవారట. నవ్వుకుని, మర్నాడు మళ్లీ ఏమీ ఎరగనట్టు మొహం వెలిగించుకునేవారట. మొన్న నా బండిలో నేను తొక్కినప్పుడు కూడా వాడికి తెలిసిందట. సార్ తొక్కినట్టే తొక్కినారు, అందుకే ఇంకో రౌండు అడిగినా అన్నాడు. తర్వాత నేల చూస్తూ అసలు విషయం చెప్పాడు. మూడో మలుపు ముందు వాడికి ఎప్పుడు తొక్కాలో తెలియక కాదు. కాలు పెట్టబోతూ ఒక్క క్షణం ఆగుతాడు. ఎడమవైపు పెడలే లేని తన బండిలో కూడా, పెడల్ రవ్వంత దిగి ఉంటుందేమోనని ఆగుతాడు. ఆగితే ఆలస్యమైపోతుంది. ఆ పెద్ద బ్రేకులు వేయించింది బండి బాగుపడాలని కాదట, ఇంకాస్త ఆగినా ఇసుకలోకి పోకుండా ఉండాలని. ఇదంతా చెబుతున్నప్పుడు వాడు నా వైపు చూడలేదు. డ్రైవర్ని మార్చు అని నలుగురిలో అన్న మాట గుర్తొచ్చి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వాడే అడిగాడు.

"మీకెట్లుండేదక్కా, పెడలు?"

నేను బ్రేకు మీద కాలు పెట్టాను. అది ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. పొద్దున్న ట్రాక్ మీదా అంతే ఉంది. మొన్నటి ఆదివారాల్లో అంతే ఉంది. నాన్నను మట్టికి ఇచ్చిన వారానికి, సిగ్నల్ దగ్గర అంతే ఉంది. ఇంకా వెనక్కి వెళ్లాను. హాస్టల్ రోడ్డు, కుక్క, పక్కన నాన్న. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు మీద పెట్టిన ఆ క్షణం నా అరికాలికి గుర్తుంది. నిండుగా, పైనే ఉంది. నాన్న పక్కన ఉన్నప్పుడూ, నాన్న పోయాకా నా కాలి కింద ఏమీ మారలేదు. మారి ఉంటే అప్పుడే తెలిసేది.

"పైననే ఉండె" అన్నాను. "ఎప్పుడూ."

నాన్న నాకు అబద్ధం చెప్పలేదు. ఊరందరిలో నన్నొక్కదాన్నే నమ్మి, కాలు దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లూ నేను కోరుకున్న జవాబు అదే. అది దొరికాక నాకు గర్వం రావాలి. వచ్చింది కూడా. కానీ బ్యాంకు ఆఫీసరుకు, హాస్టల్ పిల్లకు, గార్డుకు, ఈ కర్నూలు అబ్బాయికి దొరికిన ఆ మెత్తని కాలు కన్నబిడ్డనైన నాకు దొరకలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని, కుక్క అడ్డం వచ్చిన ఆ పొద్దున ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా కాలు పెట్టేసరికి ఆ పెడల్ రవ్వంత దిగి ఉండుంటే ఎంత బాగుండేదని ఏడ్చాను.